టెలివిజన్‌లో గ్రీకు ఎంత, లాటిన్ ఎంత? ఇంగ్లీషు మాటను విడదీసి చూడటం ఎలా

‘టెలివిజన్ గ్రీకు మాటా, లాటిన్ మాటా?’ ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. మాట మారుతుంది గానీ ప్రశ్న మారదు. ఆటోమొబైల్, సోషియాలజీ, అపెండిసైటిస్, జెనోసైడ్... వీటన్నిటికీ జవాబు ఒకటే: సగం అది, సగం ఇది. కానీ అంతవరకే చెప్పి ఊరుకుంటే రేపు ఇంకో మాట పట్టుకొస్తారు. అందుకే మాటను మీరే విప్పి చూసుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మొదట్లో ఒక్కో మాటకు పావుగంట పడుతుంది. ఇరవై మాటలు చేశాక చాలావాటికి రెండు నిమిషాలు చాలు.

ఇలాంటి అతుకులు మనకు కొత్త కాదు. సంస్కృత పదానికి తెలుగు పదం తగిలిస్తే వ్యాకరణం చదివినవాళ్లు ‘వైరి సమాసం’ అని ముఖం చిట్లిస్తారు. పేపర్లో ‘గజ ఈతగాడు’ అని చూస్తే తెలుగు మాస్టారికి ఎలా ఉంటుందో, టెలివిజన్ అన్న మాట కొత్తగా వచ్చినప్పుడు పాత చదువుల ఇంగ్లీషువాళ్లకు అలాగే ఉండేది. మాంచెస్టర్ గార్డియన్ పత్రిక ఎడిటర్ సి.పి. స్కాట్ అయితే, సగం గ్రీకు సగం లాటిన్ అయిన ఈ మాట వల్ల మంచేమీ జరగదన్నాడని చెప్పుకుంటారు. మాట మాత్రం నిలిచిపోయింది. మన గజ ఈతగాడూ నిలిచాడు.

కావలసినవి

- మాట ఇంగ్లీషు స్పెల్లింగ్. బ్రిటిష్ స్పెల్లింగ్ అయితే ఇంకా మంచిది, ఎందుకో కింద చెబుతాను.
- మాట పుట్టుక చెప్పే డిక్షనరీ ఒకటి కాదు, రెండు. మెరియం-వెబ్‌స్టర్, విక్షనరీ, ఎటిమాన్‌లైన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. లైబ్రరీ ద్వారా ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు చూసే వీలుంటే వదలకండి. మాట మొదట ఏ ఏడాది, ఏ వాక్యంలో కనబడిందో అందులో ఇస్తారు.
- ఒక నోటు పుస్తకం. పేజీని మూడు గడులు చేయండి: గ్రీకు, లాటిన్, అనుమానం. మూడో గడి లేకుండా మొదలుపెట్టకండి, అది త్వరగానే నిండుతుంది.

గ్రీకు గానీ లాటిన్ గానీ వచ్చి ఉండక్కర్లేదు. సప్త, ద్వి, ఉప లాంటి సంస్కృత ముక్కలు తెలిస్తే సగం దారి దాటినట్టే. అవి తెలియని తెలుగువాళ్లు ఉండరు.

1. ముందు తెలుగు లిపి నుంచి బయటికి రండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫోన్, ఫంక్షన్ రెండిటినీ మనం ‘ఫ’తోనే రాస్తాం. ఇంగ్లీషులో మొదటిదానికి పి-హెచ్, రెండోదానికి ఎఫ్. మొదటిది గ్రీకు, రెండోది లాటిన్. తెలుగులో రాసుకోగానే ఆ తేడా మాయమైంది. సిస్టమ్‌లో ఉన్నది వై, సివిల్‌లో ఉన్నది ఐ, మనకు రెండూ ‘సి’లే. క్రానిక్ మొదట్లో సి-హెచ్ ఉంది, క్రైమ్ మొదట్లో ఒట్టి సి. ఇవన్నీ సాక్ష్యాలు. కాబట్టి మాటను ఇంగ్లీషు అక్షరాల్లో, పెద్దగా, అక్షరానికీ అక్షరానికీ మధ్య కాస్త ఎడం ఇచ్చి రాయండి.

బ్రిటిష్ స్పెల్లింగ్ ఎందుకంటే, అమెరికన్లు ఏ-ఈ జంటను కుదించి ఒట్టి ఈ రాస్తారు. పీడియాట్రిక్స్ అమెరికన్ స్పెల్లింగ్‌లో పి-ఈ-డి అని మొదలవుతుంది, బ్రిటిష్‌లో పి-ఏ-ఈ-డి. ఈ ఒక్క అక్షరం కింద మనల్ని ఒక పెద్ద పొరపాటు నుంచి కాపాడుతుంది.

2. తోక కత్తిరించండి

నేచురల్‌లో ‘అల్’, సోషలిజంలో ‘ఇజం’, ఇంకా ‘ఇస్ట్’, ‘ఐజ్’, ‘ఇక్’ లాంటి తోకలను పక్కన పెట్టేయండి. వాటిని కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంగ్లీషులో సగం మాటలు మిశ్రమాలే అవుతాయి. న్యూరల్‌లో న్యూరాన్ గ్రీకు, ‘అల్’ లాటిన్. అలాగని దాన్ని టెలివిజన్ పక్కన కూర్చోబెడితే పట్టికకు అర్థమే ఉండదు.

సైంటిస్ట్ మీద మాత్రం చాలామంది వాదిస్తారు. 1830లలో విలియం హ్యూవెల్ తయారుచేసిన మాట అది. ‘సైంటియా’ అంటే లాటిన్‌లో జ్ఞానం, ‘ఇస్ట్’ మూలం గ్రీకు. కానీ ఆ తోకను రోమన్లు ఎప్పుడో సొంతం చేసుకున్నారు. నేనైతే దీన్ని అనుమానం గడిలో వేసి ముందుకు పోతాను.

హెచ్చరిక: లాజీ, గ్రఫీ, మీటర్, ఫోబియా, ఐటిస్ తోకల్లా కనబడతాయి గానీ తోకలు కావు. వాటికి సొంత అర్థం, సొంత బరువు ఉన్నాయి. ఐటిస్ అంటే డాక్టర్ల వాడుకలో వాపు, ఇది గ్రీకు. అపెండిక్స్ లాటిన్, కాబట్టి అపెండిసైటిస్ అచ్చమైన మిశ్రమం. టాన్సిలైటిస్ కూడా అంతే.

3. అతుకు ఎక్కడుందో చూడండి

మాటను రెండుగా విరవండి. రెండు ముక్కలకూ అర్థం రావాలి. టెలి అంటే దూరం, విజన్ అంటే చూపు. ఆటో అంటే తనంతట తాను, మొబైల్ అంటే కదిలేది. ఇవి తేలిక.

హెలికాప్టర్ దగ్గర మాత్రం అందరూ జారిపడతారు. చెవికి ‘హెలి’, ‘కాప్టర్’ అని రెండుగా వినబడుతుంది. విరవాల్సింది అక్కడ కాదు. ‘హెలికో’ ఒక ముక్క, ‘ప్టర్’ ఇంకో ముక్క. గ్రీకులో హెలిక్స్ అంటే మెలి తిరిగినది, ప్టెరాన్ అంటే రెక్క. రెండూ గ్రీకే, మిశ్రమం కాదు. ‘కాప్టర్’ అన్న ముక్క అసలు గ్రీకులో లేనే లేదు. నోటికి తేలిగ్గా ఉంటుందని జనం తర్వాత విరుచుకున్నది. నోరు విరిచిన చోటు వేరు, అతుకు పడిన చోటు వేరు.

ఒక చిన్న గుర్తు: రెండు ముక్కల మధ్య జిగురులా ఒక అచ్చు ఉంటుంది. గ్రీకు పద్ధతిలో ఓ, లాటిన్ పద్ధతిలో ఐ. థర్మామీటర్ స్పెల్లింగ్‌లో మధ్యన ఓ ఉంది. ఎత్తు కొలిచే ఆల్టిమీటర్‌లో ఐ ఉంది, ఎందుకంటే ‘ఆల్టస్’ లాటిన్. మీటర్ మాత్రం గ్రీకు ‘మెట్రాన్’. అయితే ఈ గుర్తును కళ్లుమూసుకుని నమ్మకండి. సోషియాలజీలో సోషియస్ లాటిన్ అయినా జిగురు ఓ పడింది.

కొన్ని మాటల్లో అతుకే దొరకదు. ఎలక్ట్రోక్యూషన్ తీసుకోండి. 1889 ప్రాంతంలో అమెరికాలో కరెంటుతో మరణశిక్ష వేయడం మొదలుపెట్టే రోజుల్లో ఈ మాట వచ్చింది. ఎలక్ట్రో గ్రీకు, అంబర్ అనే పసుపు రాళ్ల పేరులోంచి వచ్చింది. ‘క్యూషన్’ అంటే? ఏమీ లేదు. ఎగ్జిక్యూషన్ అన్న లాటిన్ మాట తల నరికి మొండెం తెచ్చి అతికించారు. ఇలాంటివి కనబడితే రెండో ముక్కను డిక్షనరీలో వెతికి టైం వృథా చేసుకోకండి, పూర్తి మాటను ఊహించండి.

4. స్పెల్లింగ్ ఏం సాక్ష్యం చెబుతోంది?

గ్రీకు వైపు గుర్తులు: పి-హెచ్ కలిసి ‘ఫ’ పలకడం, సి-హెచ్ కలిసి ‘క’ పలకడం, ఆర్ పక్కన హెచ్, మధ్యలో వై, మాట మొదట్లో పలకని పి. సైకాలజీ, న్యుమోనియా స్పెల్లింగ్‌లు గుర్తు తెచ్చుకోండి.

లాటిన్ వైపు గుర్తులు: వి, ఎఫ్, జె, క్యూ అక్షరాలు. ఇంగ్లీషులోకి వచ్చిన గ్రీకు ముక్కల్లో ఈ నాలుగూ సాధారణంగా ఉండవు. టెలివిజన్‌లో వి కనబడగానే రెండో ముక్క మీద సందేహం దాదాపు తీరిపోయినట్టే. చివర ‘షన్’ లేదా ‘జన్’ పలికేవి కూడా ఎక్కువ లాటినే.

మోసం చేసేవీ ఉన్నాయి:

- సల్ఫర్‌ను పి-హెచ్‌తో రాసే అలవాటు ఉంది. కానీ మాట లాటిన్. గ్రీకులా కనబడాలని ఎవరో పెట్టిన అలంకారం అది. రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంస్థ ఐయుపిఎసి 1990లో ఎఫ్ స్పెల్లింగ్‌నే ఖాయం చేసింది.
- స్టైలస్‌లో వై ఉంది, అయినా లాటిన్. అసలు స్పెల్లింగ్‌లో ఐ ఉండేది.
- ఇవాంజెలిస్ట్‌లో వి ఉంది, అయినా గ్రీకు. గ్రీకులో అది ‘ఎఉ’, మంచి అని అర్థం. లాటిన్‌వాళ్ల చేతిలో పడి వి అయింది.
- ఫాంటసీ ఎఫ్‌తో మొదలవుతుంది, అయినా గ్రీకు. ఫ్రెంచి దారిలో వచ్చి వేషం మార్చుకుంది.

అందుకే స్పెల్లింగ్ సాక్షి మాత్రమే, జడ్జి కాదు.

5. ఒక్కో ముక్కకు ముగ్గురు చుట్టాలను పిలవండి

ఒకే ముక్క, ఒకే అర్థంతో ఉన్న మూడు మాటలు రాయండి. టెలికి టెలిఫోన్, టెలిస్కోప్, టెలిగ్రాఫ్. మూడింట్లోనూ దూరం అన్న అర్థం ఉంది, మూడూ పూర్తి గ్రీకు మాటలే. విజన్‌కు విజిబుల్, రివైజ్, వీసా. మూడింట్లోనూ చూడటం ఉంది, మూడూ లాటిన్.

అర్థం కలవకపోతే అది చుట్టం కాదు, పేరు కలిసిన పరాయివాడు. కింద ‘తప్పులు’ భాగంలో ఇలాంటివాళ్లను పరిచయం చేస్తాను.

చిన్న జాగ్రత్త: కొన్ని ముక్కలు తర్వాత కాలంలో అర్థం మార్చుకున్నాయి. ‘ఆటో’ ఇప్పుడు చాలా మాటల్లో ‘తనంతట తాను’ కాదు, ‘కారు’. ‘పెట్రో’ కొన్ని మాటల్లో రాయి కాదు, పెట్రోలియం. అలాంటి చుట్టాలను లెక్కలోకి తీసుకోకండి.

6. జంటల పట్టికతో పోల్చండి

గ్రీకు, లాటిన్, సంస్కృతం ఒకే కుటుంబం భాషలు. ఈ అడుగు మనకు మిగతావాళ్లకంటే తేలిక. ముందు గ్రీకు, తర్వాత లాటిన్, చివర మనకు తెలిసిన రూపం ఇస్తున్నాను.

- హైపర్, సూపర్, ఉపరి
- హైపో, సబ్, ఉప
- హెమి, సెమి, సామి (సగం)
- హెక్సా, సెక్స్, షట్
- హెప్టా, సెప్టెమ్, సప్త
- డి లేదా డై, బై, ద్వి
- టెట్రా, క్వాడ్రి, చతుర్
- పాడ్, పెడ్, పద
- ఎ లేదా అన్, ఇన్, అ లేదా అన్

మొదటి ఐదు వరసలు మళ్లీ చదవండి. గ్రీకు ‘హ’ ఉన్నచోట లాటిన్‌లో ‘స’ ఉంది. హ వినబడితే గ్రీకు, స వినబడితే లాటిన్ అని పెట్టుకుంటే ఈ వరసల్లో తప్పు పోదు. హైపర్‌టెన్షన్ ఇప్పుడు చూడండి. హైపర్ గ్రీకు. టెన్షన్, మనం రోజుకు పదిసార్లు పడే ఆ టెన్షనే, లాటిన్. సాగదీయడం, బిగించడం అని దాని అర్థం. మిశ్రమం ఖాయం.

చివరి వరస ఇంకా ముచ్చటగా ఉంటుంది. మనం హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’ వాడతాం: అధర్మం, అనర్హుడు. గ్రీకులోనూ సరిగ్గా ఇదే పద్ధతి. ఇమ్మోరల్‌లో ముందున్నది లాటిన్ ‘ఇన్’, వెనకున్నది లాటిన్ మోరల్. అంటే స్వచ్ఛమైన లాటిన్. ఎమోరల్‌లో ముందున్నది గ్రీకు ‘ఎ’. అంటే మిశ్రమం. అర్థాలు కూడా వేరు: మొదటిది నీతి తప్పడం, రెండోది నీతితో సంబంధమే లేకపోవడం.

రెండు భాషల్లోనూ ఒకేలా ఉండే ముక్కలు కొన్ని ఉన్నాయి. ‘ట్రై’ అటూ ఉంది, ఇటూ ఉంది. ‘ఆక్టో’ కూడా అంతే. వీటితో ఏదీ తేల్చలేం. దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. బైసికిల్‌లో ‘బై’ లాటిన్, ‘సైకిల్’ గ్రీకు ‘కుక్లోస్’, మన చక్రానికి చుట్టం. కాబట్టి రెండు చక్రాల బండి మిశ్రమం. ట్రైసికిల్‌ను మాత్రం ఎవరూ తప్పుపట్టలేరు, ఎందుకంటే ట్రై గ్రీకే అనుకోవచ్చు. చక్రం ఒకటి పెరిగేసరికి బండి శుద్ధి అయిపోయింది. యూనిసైకిల్ మళ్లీ మిశ్రమమే.

హెచ్చరిక: ఈ పట్టిక చూసి ‘అయితే ఇంగ్లీషు మాటలన్నీ సంస్కృతంలోంచే వచ్చాయన్నమాట’ అనేవాళ్లు ఉంటారు. సంస్కృతం ఇక్కడ తల్లి కాదు, తోబుట్టువు. గుర్తుపెట్టుకోవడానికి వాడుకోండి, పుట్టుక చెప్పడానికి వాడకండి.

7. ఇప్పుడు డిక్షనరీ తెరవండి

ఇంతవరకూ చేసింది ఊహ. దాన్ని పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాకే డిక్షనరీ తెరవండి. ముందే తెరిస్తే కన్ను పట్టు పెరగదు.

మాట పుట్టుక వివరం సాధారణంగా కొత్త నుంచి పాతకు వెళుతుంది: ఇంగ్లీషు, దాని ముందు ఫ్రెంచి, దాని ముందు లాటిన్, దాని ముందు గ్రీకు. కాబట్టి ప్రతి ముక్కకూ గొలుసు చివరికంటా చదవండి. మొదట కనబడిన భాష పేరు రాసుకుని మూసేస్తే పని చెడుతుంది.

ముఖ్యంగా ‘న్యూ లాటిన్’ అని ఉంటే జాగ్రత్త. కొన్ని డిక్షనరీలు దాన్ని ఎన్-ఎల్ అని రెండక్షరాల్లో రాస్తాయి. గత కొన్ని శతాబ్దాల్లో శాస్త్రజ్ఞులు మాటలకు తొడిగిన చొక్కా అది. లోపలి ఒళ్లు ఏదైనా కావచ్చు. న్యూరాల్జియాకు ఆ గుర్తు ఉంటుంది. కానీ న్యూరాన్ అంటే నరం, ఆల్గోస్ అంటే నొప్పి, రెండూ గ్రీకే.

డిక్షనరీలో మాట లేకపోతే అది లేని మాట అనుకోకండి. అపెండిసైటిస్ అన్న పేరును 1886లో అమెరికన్ డాక్టర్ రెజినాల్డ్ ఫిట్జ్ వాడుకలోకి తెచ్చాడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మొదటి కూర్పులో ఆ మాట లేదు. 1902లో బ్రిటన్ రాజు ఎడ్వర్డ్ 7 పట్టాభిషేకం సరిగ్గా ఆ జబ్బు వల్లే వాయిదా పడింది. పేపర్లన్నిటా ఆ మాటే, పెద్ద నిఘంటువులో మాత్రం లేదు.

8. అతుకు ఎప్పుడు పడింది? ఎవరు వేశారు?

నా దృష్టిలో ఈ అడుగే అన్నిటికంటే ముఖ్యం. తీర్పు ఇక్కడే తేలుతుంది. ముక్కల ముత్తాతలు ఎవరన్నది కాదు ప్రశ్న. అతికించినవాడు ఆ ముక్కలను ఏ భాష సంచిలోంచి తీశాడన్నదే ప్రశ్న.

పెట్రోలియం చూడండి. పెట్రా గ్రీకు, రాయి. ఓలియం లాటిన్, నూనె. కాబట్టి మిశ్రమం అని చాలా పట్టికల్లో కనబడుతుంది. కానీ పెట్రాను రోమన్లే వాడుకునేవారు. ఓలియం కూడా వాళ్లకు గ్రీకు నుంచే వచ్చింది. లోతుకు పోతే రెండూ గ్రీకే. అతుకు పడినది మధ్యయుగాల లాటిన్‌లో, అప్పటికి రెండూ లాటిన్ సంచిలోవే. నేను దీన్ని మిశ్రమం అనను.

దీనికి ఎదురు చివర జెనోసైడ్ ఉంది. పోలెండ్ న్యాయవాది రాఫెల్ లెమ్కిన్ 1944లో వచ్చిన తన పుస్తకంలో ఈ మాట పెట్టాడు. గ్రీకు ‘జెనోస్’, అంటే జాతి, లాటిన్ ‘సైడ్’, అంటే చంపడం, ఈ రెండూ కలిపానని తనే రాశాడు. ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోజియే కూడా అలాంటివాడే. వేడిని కొలిచే పరికరానికి క్యాలరీమీటర్ అని పేరు పెట్టి, లాటిన్‌నూ గ్రీకునూ కలపడం తప్పేనని, శాస్త్రంలో స్పష్టత కోసం ఆ మాత్రం సర్దుకోవచ్చని 1789 నాటి తన రసాయన శాస్త్ర గ్రంథంలో ఒప్పుకున్నాడు. టెలివిజన్ అయితే 1900లో పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభలో కాన్‌స్టాంటిన్ పెర్‌స్కీ చదివిన పత్రంలో, ఫ్రెంచిలో వినబడింది. సోషియాలజీని 1830లలో ఆగస్ట్ కామ్టే చలామణిలోకి తెచ్చాడు.

తేదీ దొరక్కపోతే? చింత వద్దు. రెండు ముక్కలూ కలిసి పాత లాటిన్‌లో ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఆ మాట ఆధునిక కాలంలో పుట్టింది అనుకోవచ్చు.

ఒక మాటను పూర్తిగా విప్పుదాం: పెడోమీటర్

నడిచిన అడుగులు లెక్కపెట్టే పరికరం. ఇంగ్లీషులో రాశాం, తోకేమీ లేదు. అతుకు పెడ్ తర్వాత, జిగురు ఓ. జిగురును బట్టి చూస్తే మొత్తం గ్రీకే అనిపిస్తుంది. తొందరపడకండి. స్పెల్లింగ్‌లో పి-హెచ్ లేదు, వై లేదు, వి కూడా లేదు. సాక్షి నోరు విప్పలేదు. సరే, చుట్టాలు. పెడల్, పెడెస్ట్రియన్: పాదం. పీడియాట్రిక్స్, పెడగాజీ: పాదంతో సంబంధం లేదు, పిల్లలు. ఇక్కడ బ్రిటిష్ స్పెల్లింగ్ అడగండి. పీడియాట్రిక్స్‌కు ఏ-ఈ వచ్చింది, పెడోమీటర్‌కు రాదు. కాబట్టి మన ‘పెడ్’ పిల్లల గ్రీకు ‘పైస్’ కాదు, పాదం లాటిన్ ‘పెస్’. పట్టిక చూస్తే పాదానికి గ్రీకు ‘పాడ్’ ఉండాలి, ట్రైపాడ్‌లో లాగా. లేదు. రెండో ముక్క మీటర్, గ్రీకు మెట్రాన్. తీర్పు: లాటిన్ పాదానికి గ్రీకు కొలత, మిశ్రమం. పూర్తి గ్రీకులో చేసి ఉంటే ‘పోడోమీటర్’ అయ్యేది.

ఎక్కువగా జరిగే తప్పులు

హోమో: దీని దగ్గర తడబడనివాళ్లు తక్కువ. లాటిన్‌లో హోమో అంటే మనిషి. గ్రీకులో హోమోస్ అంటే ఒకే రకం, మన ‘సమ’కు చుట్టం. హోమిసైడ్‌లో మనిషి, పూర్తి లాటిన్. హోమోజీనియస్‌లో ఒకే రకం, పూర్తి గ్రీకు. హోమోసెక్సువల్‌లో ఒకే రకం అన్న గ్రీకు, సెక్సస్ అన్న లాటిన్, కాబట్టి మిశ్రమం. ఇందులో హోమోను మనిషి అని చెప్పే పుస్తకం కనబడితే పక్కన పెట్టేయండి.

డయలాగ్: ‘డై’ అంటే రెండు, కాబట్టి ఇద్దరి మధ్య మాట అని నేను చాలా ఏళ్లు నమ్మాను, పదిమందికి చెప్పాను కూడా. తప్పు. అక్కడున్నది ‘డియా’, గుండా లేదా మధ్య అని అర్థం. ఎంతమందైనా డయలాగ్ చేయవచ్చు. డిక్షనరీ తెరవకుండా పట్టికను నమ్మితే ఇలాగే ఉంటుంది.

ఇంగ్లీషు సొంత మాటలను మరచిపోవడం: స్పీడోమీటర్ మిశ్రమమే గానీ గ్రీకు-లాటిన్ మిశ్రమం కాదు. స్పీడ్ అచ్చ ఇంగ్లీషు. మీ పట్టికలో దానికి చోటు లేదు.

కథలను నమ్మడం: మాట వెనక ఒక చక్కటి కథ ఉంటే, రాజు, విందు, పొరపాటు వగైరా, ముందు అనుమానించండి. అసలు పుట్టుకలు చాలావరకు ఇంత రసవత్తరంగా ఉండవు.

సరిచూసుకోవడం ఎలా?

నేను చేసే పరీక్ష ఒకటే. మిశ్రమం అని తేల్చిన మాటకు స్వచ్ఛమైన జోడీ తయారుచేయండి, తర్వాత ఆ జోడీ డిక్షనరీలో ఉందేమో వెతకండి. దొరికితే మీ విడదీత సరైనదని ధైర్యంగా ఉండవచ్చు.

క్వాడ్రిప్లీజియా: కాళ్లూ చేతులూ నాలుగూ పడిపోవడం. క్వాడ్రి లాటిన్, ప్లీజియా గ్రీకు. పట్టిక ప్రకారం గ్రీకులో టెట్రాప్లీజియా కావాలి. వెతకండి, ఉంది, డాక్టర్లు వాడతారు కూడా. నోనగాన్: తొమ్మిది భుజాల ఆకారం. పెంటగాన్, హెక్సగాన్, ఆక్టగాన్ వరసలో ఇదొక్కటే లాటిన్ అంకెతో వచ్చి కూర్చుంది. స్వచ్ఛ రూపం ఎనియగాన్, అదీ దొరుకుతుంది. బైగమీకి డైగమీ, హెక్సాడెసిమల్‌కు సెక్సాడెసిమల్. రెండోది ఎందుకు నిలవలేదో చెప్పక్కర్లేదు.

జోడీ దొరకనంత మాత్రాన మీరు తప్పని కాదు. టెలివిజన్‌కు స్వచ్ఛమైన జోడీ ఇంగ్లీషులో నిలవలేదు.

కొలతల మీద కూడా ఈ పరీక్ష చేసి చూడండి. ఫ్రాన్స్‌లో 1795లో మెట్రిక్ పద్ధతి పేర్లు ఖాయం చేసినప్పుడు, పెద్దవాటికి గ్రీకు, చిన్నవాటికి లాటిన్ అని పెట్టుకున్నారు. కిలో, హెక్టో, డెకా గ్రీకు. డెసి, సెంటి, మిల్లి లాటిన్. మీటర్ ఎటూ గ్రీకు. అంటే కిలోమీటర్ స్వచ్ఛం, సెంటీమీటర్, మిల్లీమీటర్ మిశ్రమాలు. స్కేలు మీద ప్రతి గీతా వైరి సమాసమే.

మీరు చేసి చూడండి

ఈ ఆరు మాటలను పైన చెప్పిన వరసలో విప్పండి. జవాబులు కిందనే ఉన్నాయి, చేత్తో మూసుకోండి: నియోనేటల్, హైడ్రోఫోబియా, క్లాస్ట్రోఫోబియా, లైపోసక్షన్, డిస్‌ఫంక్షన్, మోనోరైల్.

నియోనేటల్: నియోస్ గ్రీకు, కొత్త. నాటస్ లాటిన్, పుట్టిన. మిశ్రమం.

హైడ్రోఫోబియా: నీరు, భయం, రెండూ గ్రీకు. స్వచ్ఛం.

క్లాస్ట్రోఫోబియా: క్లాస్ట్రమ్ లాటిన్, మూసి ఉన్న చోటు. ఫోబియా గ్రీకు. జిగురు ఓ చూసి మోసపోయారేమో చూసుకోండి.

లైపోసక్షన్: లైపోస్ గ్రీకు, కొవ్వు. సక్షన్ లాటిన్, పీల్చడం. మిశ్రమం.

డిస్‌ఫంక్షన్: స్పెల్లింగ్‌లో వై ఉంది కాబట్టి ‘డిస్’ గ్రీకు, మన దుర్, దుస్‌లకు చుట్టం. ఫంక్షన్ లాటిన్. మిశ్రమం. డిస్‌ఆర్డర్‌లో ఐ ఉంటుంది, అది లాటిన్ ‘డిస్’, వేరే మనిషి.

మోనోరైల్: మోనో గ్రీకు. రైల్ ఇంగ్లీషు మాట, అయితే ఫ్రెంచి మీదుగా వెనక్కి వెళితే లాటిన్ ‘రెగులా’ తగులుతుంది. కానీ అతికించినవాడు రైల్‌ను ఏ సంచిలోంచి తీశాడు? ఇంగ్లీషు సంచిలోంచే. నేను అనుమానం గడిలో వేశాను. మీరు లాటిన్‌లో వేస్తే గొడవపడను, కారణం మాత్రం పక్కన రాసి పెట్టుకోండి.